పొడి చొక్కా

మా అత్త పెద్దింట్లమ్మకి రెండు కళ్ళకీ పొర కమ్మేసింది. చేటలో బియ్యానికీ రాళ్ళకీ తేడా తెలిసేది కాదు. ఎదురుగా ఉన్నది నేనో, పక్కింటి సత్యవతమ్మో గొంతు వింటేగానీ చెప్పలేకపోయేది. అలాంటి మనిషికి దీపాలు పెట్టే వేళ కాగానే వసారా గుంజ దగ్గర ఆవిడ పెద్దకొడుకు మాత్రం శుభ్రంగా కనిపించేవాడు.

"వచ్చాడే కనకం. నుంచున్నాడు. చొక్కా తడిసిపోయిందంట, పొడిది ఇవ్వవే."

"సముద్రంలో పడ్డ మనిషి చొక్కా తడవక ఎండుద్దా అత్తా?" అనేదాన్ని, పొయ్యి ముందు నుంచి లేవకుండానే. "అంత చూపుంటే ఈ రొయ్యలు వలిచిపెట్టు."

నా నోరు మంచిది కాదని ఊరంతా అంటారు. అననీ. ఆ పెద్దకొడుకు కొండలరావు నా మొదటి మొగుడు. తొంభైలో తుఫాను వచ్చే ముందు వేటకెళ్ళాడు. పడవ చెక్కలు ఒడ్డుకొచ్చాయి, మనిషి రాలేదు. శవం లేకుండానే కర్మలు జరిపించి అతని బట్టలన్నీ పంచిపెట్టేశాం. తర్వాత కొన్నాళ్ళకి పెద్దలు కూర్చుని మాట్లాడి అతని తమ్ముడు నాగబాబుతో నాకు మారుమనువు చేశారు. నాగబాబు నెమ్మదైనవాడు. నన్ను "వదినా" అని పిలిచే అలవాటు అతని నోటి నుంచి పోవడానికే ఏడాది పట్టింది. మొదటిసారి "కనకం" అని పిలిచిన రోజు పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను.

ఆ సంసారం నిలబెట్టుకోవాలని నా తాపత్రయమంతా. కానీ సాయంత్రం అత్త "వచ్చాడే" అనగానే నాగబాబు నోటి దగ్గర ముద్ద ఆగిపోయేది. నా వైపు చూసేవాడు కాదు. ఆ పూట తన చాప వేరే మూలకి లాక్కుని పడుకునేవాడు. చచ్చినవాడి మీద నాకు ఒళ్ళు మండిపోయేది. బతికున్నన్నాళ్ళూ ఇంటి పట్టున ఉన్నది లేదు, ఇప్పుడేమో గుమ్మం వదలడు!

ఒకసారి అత్త "ఎడంకాలితో కుడి పిక్క గోక్కుంటన్నాడే" అని నవ్వింది. ఆ అలవాటు కొండలరావుకి ఉన్న మాట నిజమే. తల్లి కదా, గుర్తుండి అంటోందని సరిపెట్టుకున్నాను. అయినా ఆ పూట గుంజ వైపు వీపు పెట్టుకునే పనంతా చేసుకున్నాను.

బందరులో ఒక ఆసుపత్రివాళ్ళు కళ్ళ ఆపరేషన్లు ఉచితంగా చేస్తున్నారని కోడూరులో జీపుకి మైకు కట్టి చెప్పారు. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. పొర తీయిస్తే పొరతో పాటు ఆ మనిషీ పోతాడు.

"నాకెందుకే ఆపరేషన్? కనపడాల్సినోడు కనపడతానే ఉన్నాడుగా" అని అత్త మొండికేసింది. వినలేదు. అవనిగడ్డలో బస్సు మారి బందరు తీసుకెళ్ళాను.

అక్కడ నర్సు హన్నా అత్త చెయ్యి పట్టుకుని, "భయపడకండి మామ్మగారూ. ఇక అన్నీ ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి" అంది.

"మాక్కావాల్సిందీ అదేనమ్మా" అన్నాను నేను.

నల్ల కళ్ళద్దాలతో అత్త ఇంటికి తిరిగొచ్చేసరికి పొద్దు వాలుతోంది. నా చెయ్యి వదిలించుకుని తిన్నగా గుంజ దగ్గరికి నడిచింది. అక్కడ నాగబాబు ఎప్పుడో తగిలించిన పాత వల వేలాడుతోంది. వల తేలడానికి కట్టే బెండ్లు పైన గుత్తిగా తలంత ఉన్నాయి. అత్త దాన్ని పైనుంచి కిందిదాకా తడిమింది.

"వలే ఇది" అంది. "ఇన్నేళ్ళూ నేను వలతోనా మాట్లాడింది?"

అక్కడే చతికిలబడి చప్పుడు చెయ్యకుండా ఏడ్చింది. నేను కోరుకున్నదే జరిగింది, అయినా ఆవిడ వైపు చూడలేక పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాను. నాగబాబు ఆ వల తీసి పడవలో పడేసి వచ్చాడు. ఆ పూట మారు వడ్డించుకుని, "కనకం, ఇంకాస్త పులుసు పొయ్యి" అన్నాడు. ఇన్నాళ్ళకి ఇల్లు మాదైందనుకున్నాను.

మర్నాడు సాయంత్రం దీపం వెలిగించాను. నాగబాబు ఇంకా రాలేదు. అత్త చేట ముందేసుకుని సరదాగా బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. అలవాటు కొద్దీ ఆవిడ నోటి నుంచి ఆ మాట కోసం చూశాను. రాలేదు. "వచ్చాడే" అని ఎవరూ చెప్పలేదు కాబట్టి నేనే తలెత్తి చూశాను.

అన్నేళ్ళలో దీపాలు పెట్టే వేళ ఆ గుంజ వైపు నేను ఒక్కసారైనా చూడలేదని అప్పుడు తెలిసింది. చూడాల్సిన పని నా బదులు అత్త చేస్తూ వచ్చింది.

నిలబడి ఉన్నాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. అంచుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. వయసు పెరగలేదు, ఇప్పుడు నాకంటే చిన్నవాడిలా ఉన్నాడు. ఎడంకాలితో కుడి పిక్క గోక్కుంటున్నాడు.

"అత్తా, ఆ గుంజ దగ్గర ఎవరన్నా ఉన్నారా?"

అత్త కళ్ళద్దాలు పైకెత్తి చూసింది. "ఎవరూ లేరే. వల నిన్ననే తీసేశాడుగా వాడు."

"సరిగ్గా చూడత్తా."

"గుంజకి పట్టిన చెద కూడా కనపడతందే నాకు. ఎవరూ లేరు" అని మళ్ళీ రాళ్ళు ఏరుకోసాగింది.

నేను లోపలికి వెళ్ళి ట్రంకు పెట్టె తీశాను. అతనివి ఏమీ మిగల్లేదు. ఉతికిన నాగబాబు చొక్కా ఒకటి తీసుకుని వసారాలోకి వచ్చాను. అప్పుడే నాగబాబు వాకిట్లోకి వచ్చాడు. నా చేతిలో చొక్కా చూసి ఆగాడు.

"ఎవరికది?"

"తడిసిపోయాడు" అన్నాను.

నాగబాబు తన ఒంటిమీది పొడి చొక్కా చూసుకున్నాడు. గుంజ వైపు చూశాడు. తర్వాత నా వైపు చూసి, రెండడుగులు వెనక్కి వేశాడు.

"వదినా" అన్నాడు.