పూర్వీకుడికి టింకరింగ్

నా పేరు ఏసుపాదం. పాదం పేరులోనే ఉంది గానీ నేల మీద నిలవదు. ఆ రోజు అసలే నిలవలేదు. మా కాలేజీ ప్రదర్శన కోసం మంగళగిరిలో మానవ పరిణామం పాఠాలు చెప్పే డయానా మేడం, ఆదిమానవుడు హోమో ఎరెక్టస్ పుర్రె ఇచ్చారు. అసలు శిలాజానికి పోతపోసిన ఫైబర్ నమూనా అది. సర్దుతుంటే నా చేతిలోంచి జారింది. తీసి చూస్తే మాడు మీద పగులు! నాలుగింటికి మేడం వచ్చి పట్టుకెళ్తారు. "దాని మీద గీత పడితే నీ కాంట్రాక్టు ఉద్యోగం మీదా గీతే" అని ప్రిన్సిపాల్ ముందే అన్నాడు.

పుర్రెకో బుద్ధి అంటారు. నా పుర్రెకి ఆటోనగర్ తట్టింది. కార్ల సొట్టలు తీసే ముస్తాక్ దగ్గరికి పరిగెత్తాను.

"పగులు కనపడకూడదు ముస్తాకూ."

"కంపెనీ పీసులా ఇస్తా సార్. టీ తాగి రండి."

తాగాను. ఇంకోటీ తాగాను. వాచీ చూసి, చూసిన వాచీనే మళ్లీ చూసి, షెడ్ల మధ్య నాలుగు చుట్లు తిరిగి వచ్చేసరికి పుర్రె మెరుస్తోంది. పగులు లేదు. కళ్ల పైన అడ్డంగా ఉండాల్సిన ఎముక గట్టూ లేదు. వెనక్కి వాలిన నుదురు లప్పంతో నిండి, నా నుదురంత నిటారుగా నిలబడింది.

"ఇదేంటయ్యా!"

"ఎక్కడో గట్టిగా గుద్దించినట్టున్నారు సార్. ముందు ఉబ్బింది, వెనక లోపలికి పోయింది. గ్రైండర్ పెట్టి చదును చేసేశా. ఊరికే చేశాలెండి."

పరిణామానికి లక్షల ఏళ్లు పట్టింది. ముస్తాక్‌కి రెండు టీలు పట్టాయి. పరిణామాలు మాత్రం నావి.

"పెట్టు! ఆ గట్టు మళ్లీ పెట్టు!" అంటూ ఫోన్లో ఫోటో చూపించాను.

కుడి వైపు నుదుటిని వెనక్కి గీకి, కంటి పైన లప్పం మెత్తి, ముస్తాక్ ఫోటోని పెద్దది చేశాడు.

"సార్, ఇది గుద్దించక ముందుదేగా?"

"ఆఁ, పోయిన వారం మేడం పంపింది."

"మరి పగులు ఇందులోనూ ఉందే?"

ఉంది. అసలు శిలాజానికే ఉన్న పగులు, పోతలో దిగింది. పడేసినప్పుడు దానికేమీ కాలేదు, బాగు చేయించాకే అయింది.

ఫోన్ మోగింది. మేడం. "బెంజ్ సర్కిల్లో ఉన్నానండీ. పుర్రె భద్రమేనా?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చి, అదీ జారిపోయింది. "భద్రంగా చెడగొట్టామండీ. ఆటోనగర్ వచ్చేయండి."

మేడం వచ్చారు. పుర్రెని అటు తిప్పారు, ఇటు తిప్పారు. కుడి సగం మన పూర్వీకుడు, ఎడమ సగం మనం. నా కాలు ఆడుతూనే ఉంది.

"ఎడమ వైపు ఇక ముట్టుకోకండి," అన్నారు. "వాళ్ల నుదురుకీ మన నుదురుకీ తేడా చెప్పలేక ఏటా నా గొంతు పోతోంది. ఇప్పుడు చూపిస్తే చాలు. పుర్రె బాగానే అందిందని అప్పగింత కాయితం మీద సంతకం పెడతా. కానీ ఏసుపాదం గారూ, నా పగులు నాకు కావాలి."

ముస్తాక్ తల గోక్కున్నాడు. "పూడ్చడమే నేర్పాడు మేడం మా అబ్బా. పగలగొట్టడం నేర్పలా."

అయినా రంపం బ్లేడు తీశాడు. నేను పుర్రెని రెండు చేతులా వాటేసుకున్నాను.

"గట్టిగా పట్టుకోండి సార్. ఈసారి జారితే నిజంగానే పగులుద్ది."