ఐదో గుండీ

"కోటుకి గుండీ ఊడింది, కాస్త చూడు. మూడింటికల్లా హాల్లో ఉండాలి," అంటూ మా ఆయన కోటు తెచ్చి నా ఒళ్ళో పడేశారు. అప్పటికి నేనింకా తల దువ్వుకోలేదు.

ఇరవయ్యారేళ్ళుగా గుండీలు, దారాలు, అస్తరు గుడ్డ అమ్ముతున్న మనిషిని. బజారులో నన్ను గుండీలక్క అంటారు. దర్జీ ఎవరైనా ఒక గుండీ తెచ్చి చూపిస్తే, అది ఏ అరలో ఏ డబ్బాలో ఉందో కూర్చున్న చోటు నుంచే చెబుతాను. ఇంటికొస్తే ఊడిన గుండీ కుట్టే మనిషిని. అదే సూది, అదే చెయ్యి. కొట్లో దాన్ని నేర్పు అంటారు, ఇంట్లో అసలు ఏమీ అనరు.

కుడుతుంటే లోపలి జేబులో కాగితం గరగరలాడింది, తీసి చదివాను. ఊళ్ళో పాత సినిమా హాలు వాళ్ళు నలభై ఏళ్ళ నాటి గూఢచారి సినిమా ఒకటి మళ్ళీ ఆడిస్తున్నారు. ప్రేక్షకుల అభిప్రాయాలు రాసి పంపమన్నారు. బాగున్న నాలుగిటిని ఆటకి ముందు వేదిక మీద చదివిస్తారట. మా ఆయన ఆఫీసు నుంచి రిటైరయ్యాక ఫోనులో పాత సినిమాల గురించి రాయడం మొదలుపెట్టారు. అక్కడ ఆయన్ని మాస్టారూ అని పిలిచేవాళ్ళు వందల్లో ఉన్నారు. నాలుగిట్లో ఆయనదీ ఒకటి.

"అందరూ రైలు మీది పోరాటం గురించి చెబుతారు. నేను ఐదో గుండీ గురించి చెబుతాను," అని మొదలైంది కాగితం. ఆ సినిమాలో శత్రుదేశపు పటం ఉన్న చిన్న ఫిల్ము ముక్కని దర్జీ కూతురు ఒకతె హీరో పొడుగు కోటులో, ఐదో గుండీ వెనక అస్తరులో దాచి కుడుతుంది. ఆ సంగతి మనకి చిట్టచివర గాని చెప్పరు. కానీ మధ్యలో సైనికాధికారి హీరో కాలరు పట్టుకున్నప్పుడు కోటు తెర నిండా కనబడుతుంది. నాలుగు గుండీలకి దారం ఇంటూ గుర్తులా ఉంటుంది. ఐదోదానికి మాత్రం పక్కపక్కన రెండు గీతలు. చూసేవాడికి కన్నుంటే రహస్యం అక్కడే తెలిసిపోతుంది.

"ఇది నేను చెప్పిన మాట కదండీ," అన్నాను.

"ఏది?"

"ఐదో గుండీ."

ఆయన అద్దంలోంచే నవ్వారు. "నువ్వు చెప్పావు, నేను రాశాను. గుండీ నీ కొట్లోదే కావచ్చు, కోటు ఎవరిదోయ్?"

"మా ఆవిడ చెప్పింది అని ఒక్క ముక్క రాస్తే ఏం పోయింది?"

"అక్కడ సినిమా గురించి మాట్లాడుకుంటారు, సంసారం గురించి కాదు. దారం తెంపు, టైమైపోతోంది."

బజారులో కొసరు అని ఒకటుంది. మూర గుడ్డ కొన్నవాడికి పైన బెత్తెడు వదులుతాం. అది అడిగి పుచ్చుకునేవాడు మర్యాదస్తుడు. కొన్నాళ్ళకి అడగడం మానేసి, తనే కత్తెర జరిపి కోయించుకుంటాడు. ఇంకొన్నాళ్ళకి ఆ బెత్తెడు తన హక్కే అనుకుంటాడు. నా మాటలన్నీ ఈ ఇంట్లో అలాగే వెళ్ళాయి. ఆఫీసులో పైవాడికి ఏమని బదులు రాయాలో నేను చెప్పాను, ఆయన తెలివి అన్నారు. కూతురికి ఏ చదువు నప్పుతుందో నేను చెప్పాను, ఆయన ముందుచూపు అన్నారు. ఎదురు బేరం ఆడకుండా సరుకు వదిలింది నేనే కాబట్టి ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ఇవాళ మాత్రం ఎందుకో ఆ గుండీ దగ్గర మనసు ఆగిపోయింది. అది నా వృత్తి, నా కన్ను. హాల్లో అందరి ముందు లేచి అడుగుతానని దారం తెంపుతూ అనుకున్నాను.

హాలు ముప్పాతిక నిండింది. మొదట రిటైరైన బస్సు డ్రైవరు చదివాడు. "ఆ కొండదారిలో జీపు తోలింది హీరో కాదు, ఎవరో అసలు డ్రైవరు. మలుపులో గేరు మార్చిన పద్ధతి చూస్తే తెలుస్తుంది. వాడికి దండం పెట్టడానికే నేనొచ్చాను." తర్వాత మంగలి. "విలన్ మీసం విశ్రాంతి తర్వాత ఎడమ పక్కకి జారింది. అతికించినవాడెవడో గాని మా వీధిలో అయితే బతకడు." ఆ తర్వాత ఒక స్కూలు టీచరమ్మ. "మూడు దేశాలు దాటాడు, ఆరుగుర్ని చంపాడు, ఒక్క పూట అన్నం తిన్నట్టు లేదు. ఈయన్ని కన్నతల్లి ఎలా ఊరుకుందో!" హాలంతా గొల్లుమంది.

చివరికి మా ఆయన. చదవడం ఆయనకి బాగా వచ్చు. ఐదో గుండీ దగ్గర ఒక్క క్షణం ఆగి తలెత్తి చూశారు. జనం ఊపిరి బిగబట్టారు, తర్వాత చప్పట్లు. "ఇంత సూక్ష్మం ఎలా పట్టారు మాస్టారూ?" అని హాలు యజమాని అడిగాడు. "చూసే కన్ను ఉండాలండీ," అన్నారు ఆయన. రెండో వరసలో నేను ఆయన కళ్ళజోడు డబ్బా, మంచినీళ్ళ సీసా పట్టుకుని కూర్చున్నాను. ఆట అయ్యాక మళ్ళీ మైకు తిప్పుతామన్నారు. చెప్పాల్సిన వాక్యాన్ని లోపల్లోపల కొలుచుకున్నాను. పొడవు తగ్గించాను. "ఆ కన్ను నాది." అంతే చాలు.

దీపాలు ఆరాయి. ఆ సినిమాని నేను ఎన్నిసార్లు చూశానో అప్పుడు లెక్కకొచ్చింది. క్యాసెట్ల రోజుల్లో ఆయన నెలకోసారి అద్దెకి తెచ్చేవారు. ప్రతిసారీ నేను మధ్యలో లేచాను. పాలు పొంగాయనో, పాప ఏడ్చిందనో, ఆయన స్నేహితులకి టీ అనో. మొదలు నుంచి చివరిదాకా కదలకుండా చూడటం ఇదే మొదటిసారి. సైనికాధికారి కాలరు పట్టుకున్నాడు. కోటు తెర నిండా వచ్చింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు.

అప్పుడు నా చెవి పక్కన ఒక గొంతు వినబడింది. "ఆ ఐదోది వేరే చెయ్యి కుట్టిందే అమ్మాయ్."

మా అత్తయ్య. పోయి పన్నెండేళ్ళయింది. దర్జీ దుకాణాలకి గుండీలు కుట్టి కొడుకుని చదివించిన మనిషి. సూది పట్టడం నాకు నేర్పిందీ, ఈ వ్యాపారంలో దిగమన్నదీ ఆవిడే. మేం టీవీ ముందు కూర్చుంటే ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి చూసేది. కూర్చోమని ఎవరమూ అనలేదు. నేనూ అనలేదు. ఆ గుమ్మంలోంచే నాకు మాత్రమే వినబడేలా ఆ మాట అంది. మరుసటి నెల క్యాసెట్టు మళ్ళీ వచ్చినప్పుడు, ఆయన స్నేహితుల ముందు నేనే కనిపెట్టినట్టు చెప్పాను. "అబ్బో, మీ ఆవిడ ముందు ఈ గూఢచారి ఎంతరా!" అన్నాడు ఒకడు. కొత్త కోడల్ని, పొంగిపోయాను. వెనక్కి తిరిగి చూస్తే అత్తయ్య ఖాళీ గ్లాసులు ఏరుకుని లోపలికి వెళ్తోంది. ఆ ముఖంలో కోపం లేదు. ఉంటే నేను ఇన్నేళ్ళు మరిచిపోయేదాన్ని కాదేమో.

అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. మా ఇంట్లో కోడలు దానం చేసింది. కొసరు కోయించుకున్నది ఆయనొక్కరే కాదు, ఆయనకంటే ముందు నేను కోశాను.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. ఆట అయిపోయిన ప్రతిసారీ అత్తయ్య ఒకే ప్రశ్న అడిగేది. "ఆ కుట్టిన పిల్ల ఏమైంది?" నిజమే, హీరో కోటు వేసుకుని బయటపడ్డాక ఆ పిల్ల తలుపు మూస్తుంది, అంతటితో ఆమె కథ సరి. సైనికులు ఆ వీధిలోకే వస్తారు, సినిమా మాత్రం రైలెక్కిపోతుంది. "అమ్మా, నీకు కథ అర్థం కాదులే," అనేవారు ఆయన. ఆయనతో పాటు నేనూ నవ్వేదాన్ని. ఇవాళ అన్ని అభిప్రాయాలు విన్నాను. జీపు తోలినవాడికి దండం పెట్టారు, మీసం అతికించినవాణ్ణి తలుచుకున్నారు. ఆ పిల్లని ఒక్కరూ అడగలేదు.

దీపాలు వెలిగాయి, మైకు తిరిగింది. "ఇంకెవరైనా?" అన్నాడు యజమాని. మా ఆయన నా మణికట్టు మీద చెయ్యి వేసి నొక్కారు. నేను లేవలేదు. ఆయన చెయ్యి వల్లే ఆగాననుకున్నారు. నాది కాని సరుకుని నాదని అమ్మలేక ఆగాను.

బయట మెట్ల దగ్గర బల్ల మీద అభిప్రాయాల పుస్తకం పెట్టారు. "నువ్వేం రాస్తావే, పద, బస్సు పోతుంది," అంటున్నా పెన్ను తీసుకున్నాను. "ఐదో గుండీ తేడా మొదట చూసింది మా అత్తగారు. నిలబడి చూసింది. ఆవిడ అడిగిన ప్రశ్న ఒకటి మిగిలింది. ఆ కుట్టిన పిల్ల ఏమైంది?" పేరు రాయమన్న చోట ఆవిడ పేరు రాశాను, పుట్టింటి ఇంటిపేరుతో సహా.

ఆయన కళ్ళజోడు అడిగి పెట్టుకుని చదివారు.

"అమ్మ ఈ సినిమా ఎప్పుడు చూసింది?"

"మనం చూసినప్పుడల్లా."

ఆయన పుస్తకం మూయబోయి, మళ్ళీ తెరిచి అలాగే వదిలేశారు. "మరి నీది రాయలేదేం?" అన్నారు. దెప్పడానికి అడిగినట్టు లేదు. నా కంటితో నేను చూసింది ఆ సినిమాలో ఏముంది? ఇన్నేళ్ళ సరుకంతా తిరగేసినా నాది అనదగ్గ ముక్క ఒక్కటీ చేతికి తగల్లేదు.

టికెట్ల గది కిటికీ దగ్గరికి వెళ్ళాను. "రేపటి ఆటకి కావాలమ్మా."

"రెండా అక్కా?" అంది లోపలి అమ్మాయి.

"ఒకటే. వరసలో సరిగ్గా మధ్యది ఇవ్వు. లేవాలంటే పదిమందిని దాటాల్సిన కుర్చీ."