కళ ముట్టుకోని కోడ్

కళ మా ఆఫీసుకొచ్చి ఆరు నెలలైనా కాలేదు, అప్పుడే మోహన్‌కృష్ణ సార్ నోట ఆ పేరు తప్ప ఇంకో పేరు రావడం లేదు. మా దీవుల్లో, గోల్ ఘర్ బజారులో స్టేషనరీ షాపు మీదున్న ఈ గదిలో నాలుగేళ్ళుగా కొట్లవాళ్ళకి వెబ్‌సైట్లు చేస్తున్నది నేను. నన్ను చూసి నేర్చుకోమని ఆయన ఎవరికీ చెప్పిన పాపాన పోలేదు. కుళ్ళు అంటారా? కుళ్ళే.

మా సైట్లన్నిటికీ అడుగున ఒకటే కోడ్. బయటి కంపెనీ తయారుచేసి అందరికీ ఇస్తుంది. నేను దాంట్లోనే దిగి, ఏ కొట్టుకి కావలసింది ఆ కొట్టుకి మార్చేస్తాను. తులసమ్మగారి చీరల కొట్టు సైటులో, సరుకు ఏ ఓడకి వస్తుందో చూపించే పట్టీ నా చేతి పనే. కళ మాత్రం అసలు కోడ్‌ని వేలితో కూడా తాకదు. తన మార్పులన్నీ పక్కన వేరే ఫోల్డర్‌లో రాసి, పైనుంచి తొడుగుతుంది.

"ఏమే, మడి కట్టుకున్నావా?" అని ఏడిపించాను కూడా. నవ్వేసి తన పనిలో పడింది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మంట.

ఎందుకు తాకదో నాకు తెలియక కాదు. కంపెనీ అప్‌డేట్ పంపితే పాత కోడ్ మొత్తం పోయి కొత్తది వచ్చి కూర్చుంటుంది. లోపల రాసిన నా మార్పులూ దాంతోపాటే పోతాయి; పక్క ఫోల్డర్‌లోవి మాత్రం ఉంటాయి. అందుకే అప్‌డేట్ అన్నప్పుడల్లా "నెట్ లేదు సార్" అనేదాన్ని. సముద్రం అడుగున కేబుల్ రాకముందు ఈ దీవుల్లో ఆ మాటకి ఎదురుండేది కాదు. కేబుల్ వచ్చాక కూడా అదే అలవాటు లాక్కొచ్చాను.

మొన్న సోమవారం సార్ పట్టుబట్టారు.

"పేమెంట్ పేజీకి సెక్యూరిటీ కావాలి. రేపు పొద్దున్న అన్ని సైట్లూ నా ముందే అప్‌డేట్ అవ్వాలి. నెట్ లేదన్న బహానా నడవదు. ఎవరి సైట్లు చెక్కుచెదరవో వాళ్ళకే సుభాష్ భయ్యా బోటు టికెట్ల సైటు చేసే పని."

ఆ సైటు మీద నేను ఎప్పటినుంచో ఆశ పెట్టుకున్నాను. నా మార్పులన్నీ వెతికి కళలా వేరే ఫోల్డర్‌లోకి తీయడం ఒక్క పూటలో అయ్యే పని కాదు. కళని అడిగితే సాయం చేస్తుంది. అడగడమా? చచ్చినా అడగను. తలనొప్పి అని చెప్పి పెందరాళే ఇంటికి పోయాను.

మర్నాడు ముందు కళ తన సైట్లకి అప్‌డేట్ నొక్కింది. అనుకున్నట్టే ఏమీ చెదరలేదు. తర్వాత నా వంతు. తులసమ్మగారి సైటులో కళ్ళు మూసుకుని నొక్కాను. తెరిచేసరికి ఓడ పట్టీ ఉంది. అన్నీ ఉన్నాయి. మిగతా సైట్లూ అంతే.

"శభాష్ ప్రత్యూషా! సీనియర్ అంటే ఇదీ. బోట్ల సైటు నీదే," అని సార్ కిందికి వెళ్ళిపోయారు.

లోపల చూస్తే నా మార్పులన్నీ వేరే ఫోల్డర్‌లో ఉన్నాయి. అక్కడ పెట్టింది నేను కాదు.

"నిన్న మీరెల్లిపోయాక రాత్రంతా కూకుని నానే తీసి ఎట్టీసాను దీదీ," అంది కళ మెల్లిగా. "లేపోతే మీ పని సబ్ ఎగిరిపోద్ది కదా. సార్‌కి సెప్పన్లే, టెన్షన్ మత్ లో, మీరేం బయపడకండి."

"నా పని నిన్నెవరు ముట్టుకోమన్నారు?" అన్నాను.

ముఖం చిన్నబుచ్చుకుని తన కుర్చీలోకి వెళ్ళిపోయింది. సార్‌తో చెప్పేసినా బాగుండేది. నాలుగు చీవాట్లు తిని, దాన్ని తిట్టుకుంటూ హాయిగా ఉండేదాన్ని. ఇప్పుడు బోట్ల సైటు నా చేతిలో ఉంది. కళ మీద కోపం తెచ్చుకోవడానికి ఒక్క కారణం కూడా లేదు. అయినా వస్తోంది.