గుర్తు తెలియనివారి ఫోటోలు

నేను ఒక హార్డ్ డిస్క్‌ను. దుమ్ము రేణువైనా చొరబడని గదిలో, ముసుగులు వేసుకున్న మనుషుల చేతుల్లో తయారయ్యాను. మొదట ఒక ఇంజనీరింగ్ కాలేజీ సర్వర్లో పిల్లల మార్కులు మోశాను. నాకు వయసు మళ్లాక కాలేజీ వాళ్లు ఆ సర్వర్‌ను జిల్లా ఆసుపత్రికి దానమిచ్చి, పక్కన నిలబడి ఫోటో దిగి వెళ్లారు. తమకు అక్కరలేనిది దానం చేయడం మనుషులకు ఇష్టమైన పుణ్యం.

ఆసుపత్రిలో నన్ను శవాగారం పక్క గదిలో పెట్టారు. ఎనిమిదేళ్ల పాటు, ఎవరూ వెతుక్కుంటూ రాని శవాల ఫోటోలు దాచాను. నాలుగు వందల పైచిలుకు. రికార్డు అసిస్టెంటు తవిటినాయుడు ఒక్కొక్కరికీ నంబరు వేసి, దొరికిన తేదీ రాసేవాడు.

ఒక వేసవిలో విండోస్ లేవడం మానేసింది.

"దాని బదులు ఊరికే దొరికే లైనక్స్ ఎక్కించి ఓపీ చీటీలకు వాడు. పాతవి పోతే పోనీ" అన్నాడు సూపరింటెండెంటు.

తవిటినాయుడు లైనక్స్ ఉన్న పెన్‌డ్రైవ్ పెడుతుండగా దాలమ్మ వచ్చింది. ఆమె భర్త కూర్మారావు ఇటుక బట్టీ పనికని వెళ్లి మూడేళ్లయింది. పోలీసులు ఈ గదికి పంపారు.

డిస్కు ఏదీ కనబడటం లేదని లైనక్స్ చెప్పింది. నేను తిరుగుతూనే ఉన్నాను. నన్ను కంప్యూటరుకు కలిపే కార్డు పాతది. దానితో మాట్లాడే డ్రైవరు అనే ప్రోగ్రామును కొత్త లైనక్స్‌లోంచి తీసేశారు. ఆ సంగతి తెలియక తవిటినాయుడు కేబుల్ మార్చాడు, కార్డు ఊడదీసి తుడిచి మళ్లీ పెట్టాడు.

"డిస్కు పోయినట్టుందమ్మా" అన్నాడు చివరికి.

"అది పోతే మా ఆయన ఫోటో ఏటవుద్ది బాబూ?"

 అతను కార్డు మీది నంబరు రాసుకుని ఫోన్లో వెతికాడు. మూడోనాడు ఒక పాత లైనక్స్ సీడీ సంపాదించి తెచ్చాడు. అందులో ఆ డ్రైవరు ఉంది. దాలమ్మ ఆ మూడు రోజులూ వరండాలోనే ఉంది.

తెర మీద నా పేరు పడింది. దాని కిందే ప్రశ్న: డిస్కు మొత్తం చెరిపేయాలా? అతని వేలు అవును దాకా వెళ్లి ఆగింది. ఏదీ ఎక్కించకుండా, ముందు మూడేళ్ల కిందటి నుంచి ఫోటోలు తెరిచాడు.

ఇరవై ఆరో ఫోటో దగ్గర నేను తడబడ్డాను. తల వైపు నిలబడి తీసిన ఫోటో అది. కాళ్లు, చొక్కా కనిపించాయి. ముఖం ఉండాల్సిన కింది భాగమంతా బూడిద రంగు.

"జేబు కాడ పెద్దది సెయ్యి బాబూ" అంది దాలమ్మ. తెల్ల చొక్కా జేబుకు పచ్చ దారంతో వేసిన కుట్టు కనబడింది.

"నానేసిన కుట్టే. తెల్లదారం లేదంటే కోప్పడ్డాడు." తెర మీది బూడిద రంగు మీద వేలు పెట్టి, "మొకం రాదా?" అంది.

అతను మూడుసార్లు ప్రయత్నించాడు. మూడుసార్లూ నేను అక్కడే గీరుకుని ఆగిపోయాను.

"రాదమ్మా. నవంబరు పద్నాలుగున దొరికాడు. మున్సిపాలిటీ వాళ్లు పూడ్చారు. ఎక్కడో రాయలేదు."

"రోజైనా తెలిసింది" అంది ఆమె. ఫోటో కాగితం మీద అచ్చయి వచ్చాక, "ఆ బూడిద ముక్క కత్తిరించీ బాబూ. మా అత్తకి సూపించాల" అంది.

అతను కత్తిరించి ఇచ్చాడు. మిగతా ఫోటోలు ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి సొరుగులో పెట్టి, అవును నొక్కాడు. వాటి కోసం ఇంతవరకూ ఎవరూ రాలేదు.

ఇప్పుడు నేను జ్వరాలవాళ్ల, దగ్గులవాళ్ల పేర్లు రాసుకుంటున్నాను. నాలో ఒక్క చోట మాత్రం ఏమీ రాయరు. అది చెడిన చోటని లైనక్స్ గుర్తు పెట్టుకుంది, చెరిపేటప్పుడూ దాన్ని వదిలేసింది. కూర్మారావు ముఖం అక్కడే ఉంది. దాన్ని నేనూ చదవలేను.