మూడు యాంటీవైరస్‌లు

పదకొండు నిమిషాలు, ఒక్క కంప్యూటరు కళ్లు తెరవడానికి పదకొండు నిమిషాలు, ఈపాటికి జపమాల సగం దాటి ఉండేది, కాన్వెంటులో గంట కొట్టాక ఒక్క నిమిషం ఆలస్యమైతే మదర్ మమ్మల్ని వరండాలో మోకాళ్ల మీద నిలబెట్టేవారు, ఈ యంత్రాన్ని ఎవరు నిలబెడతారు, నిలబెట్టలేకనే కాబోలు సుస్మితను గెంటేశారు, ఆరేళ్లుగా ఈ నరసరావుపేట బడిలో ల్యాబు చూసుకున్న పిల్ల, పత్తి చేలల్లో కూలికి పోయి హన్నమ్మ చదివించుకున్న కూతురు, పిల్లల ఆన్‌లైన్ పరీక్షనాడు ఇరవై కంప్యూటర్లూ బిగుసుకుపోతే తప్పంతా దానిదేనని కరస్పాండెంటు అమర్నాథ్ ఒక్క కాగితంతో పంపేశాడు, విచారణ జరగాలని పట్టుబట్టినది నేను, ఇరవై రెండేళ్లు ఇక్కడ హెడ్‌మిస్ట్రెస్‌గా ఉండి నిరుడు దిగిపోయినదాన్ని, నా మాట కాదనలేక మీరే విచారించి రాసివ్వండి మేడమ్ అన్నాడు, రాసిస్తాను, అతని బావమరిది వెంకట సాయి ఈ కంప్యూటర్లలో ఆటలు ఎక్కించాడని నా అనుమానం, అనుమానం కాదు, నమ్మకం, అందుకే దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో కంప్యూటర్లు బాగుచేసే ఏసోబును పిలిపించాను, తల నెరిసిన మనిషి, ఎవరికీ భయపడడు, హన్నమ్మ మాత్రం కూర్చోమన్నా కూర్చోక గుమ్మం పట్టుకుని నిలబడే ఉంది.

ఆటలు చూడు ఏసోబూ, ఎన్ని ఉన్నాయో లెక్క రాసుకుంటాను, ఆటల్లేవు టీచరమ్మా, ఆడుకోటానికి చోటేడుంది దీంట్లో, అంటూ నవ్వుతాడేమిటి ఇతను, మూడు యాంటీవైరస్‌లున్నయమ్మా, ఒక ఇంటికి మూడు కుక్కల్ని కట్టేసినట్టు, దొంగను చూసేది లేదు, ఒకదాన్ని చూసి ఒకటి మొరగటమే, పిల్లోడు ఒక్క ఫైలు తెరిస్తే మూడూ వాసన చూడాల, ఇంక ఈ పాఠాల సాఫ్ట్‌వేరు చూడండి, ఏడాదికొకటి, కొత్తది ఎక్కించినా పాతది తీయలా, జిప్పు మూట విప్పి తీసిన ఫోల్డరూ ఉంది, విప్పేసిన జిప్పు మూటా ఉంది, డిస్కు పీకలదాకా నిండింది, ఆన్ చేయంగానే పదిహేను ప్రోగ్రాములు ఒక్కసారే లేస్తయి, పాపం ఇదేం చేస్తది, అయితే ఎక్కించినవాడిదే గదా తప్పు, ఎక్కించటం తప్పెట్టా అవుద్దమ్మా, పాతయి తీయకపోటం తప్పు, ఏంది, తీసే మనిషే లేరా ఇక్కడ.

లేకేం, ఉండేది, సుస్మిత, నేను హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్న రోజుల్లో నా బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడింది, పాత యాంటీవైరస్ తీసేసి కొత్తది వేస్తాను మేడమ్, రెండూ ఉంటే కొట్టుకుంటాయండి అంది, నేను తల ఎత్తలేదు, స్టాకు రిజిస్టరులో ఎక్కినది ఎక్కినట్టే ఉండాలి, తనిఖీకి వచ్చి వస్తువేదీ అంటే నువ్వు చెబుతావా అన్నాను, విరిగిన గ్లోబునూ చెదలు తిన్న పటాలనూ బీరువాలో పెట్టి తాళం వేసినదాన్ని, కంప్యూటరులోనిది కూడా ఒక మూల కదలక పడి ఉంటుందనుకున్నాను, పడి ఉండదట, లోపల పని చేస్తూనే ఉంటుందట, ఆ పిల్ల మూడుసార్లు వచ్చింది, మూడోసారి కాగితం మీద రాసిమ్మంది, ఆ పొగరుకు ఒళ్లు మండి ఎర్ర సిరాతో రాసిచ్చాను, ఏ ప్రోగ్రామునూ తొలగించరాదు, కింద సంతకం.

తీసేయమంటారా అని ఏసోబు అడుగుతున్నాడు, తల ఊపాను, రెండింటిని తీసేశాడు, జిప్పులు చెరిపాడు, ఆపి మళ్లీ వేశాడు, నలభై సెకన్లు, అంతే, గుమ్మం దగ్గర హన్నమ్మ గొంతు, ఏదీ తీయొద్దని మీరు రాసిచ్చిన ఎర్ర సిరా కాగితం మా పిల్ల బైబిల్లో పెట్టుకుందమ్మా, అమర్నాథ్ బాబుకు చూపియ్యవే అని కొట్టినంత పని చేశా, అదేమో టీచరమ్మను ఈ వయసులో వాళ్లముందు నిలబెట్టనమ్మా అంది, దాని కూడు పోయినా సరేనంట, అంటోంది హన్నమ్మ, కోపంగా కూడా అనడం లేదు, కోపంగా అని ఉంటే బాగుండేది, ఇన్నాళ్లూ ఆ పిల్లకు నోరు లేదనుకుని దాని తరఫున మాట్లాడటానికి వచ్చాను, అది నన్ను దాచిపెట్టి ఊరుకుంది, విచారణ కాగితంలో బాధ్యులు అన్న చోట వెంకట సాయి పేరు రాద్దామని పెన్ను మూత కూడా తీసి పెట్టుకున్నాను, ఆ ఖాళీలో రాయవలసినది ఒక్కటే పేరు, మేరీ సుశీల, మాజీ హెడ్‌మిస్ట్రెస్.