మనవి

ఆ గదిలో బల్లలు రెండు, మనిషి ఒకతె. ఆఫీసంతా ఆమెను చిన్నక్క అంటారు. పెద్దక్క రిటైరై ఏడాదైంది. మనిషి జన్యువుల పట్టికలో ఏది వేరే జన్యువో, ఏది కాదో తేల్చి పేరు పెట్టించడం ఇద్దరి పనీ. చిన్నక్క చేరిన రోజున "నీ లాగిన్ వచ్చే వారం వస్తుందట, అందాకా నాది వాడుకోవే" అంది పెద్దక్క. ఆ వచ్చే వారం ఆరేళ్లయినా రాలేదు. ఇప్పటికీ పొద్దున్నే తెర మీద పెద్దక్క పేరుకే స్వాగతం. చిన్నక్క మధ్యాహ్నం ఒంటరిగా తింటుంది, ఖాళీ కుర్చీతో అప్పుడప్పుడు మాట్లాడుతుంది కూడా.

ఆ రోజు ఆమె పట్టుదలంతా ఒక బుల్లి జన్యువు మీద. పెద్ద జన్యువున్న చోటే అదీ ఉంది. మూడు ఎక్సాన్లు, అంటే ప్రోటీన్‌కు రాత ఉన్న ముక్కలు, రెండింటికీ ఉమ్మడి. అందుకే ఇన్నేళ్లూ దాన్ని పెద్దదాని కిందే రాసేశారు. కానీ చదవడం ఒక్క అక్షరం పక్కనుంచి మొదలవుతుంది కాబట్టి దాన్నుంచి పుట్టే ప్రోటీన్ పూర్తిగా వేరు. సాయంత్రం అయిదుకు పట్టిక మూసేస్తారు. తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి.

పై అధికారి పెదవి విరిచాడు. "చోటు అదే, ముక్కలూ అవే. ఇంకో పేరెందుకమ్మా, పనీపాటా లేకనా?"

"సార్, కాగితం మీద 'మనవి' అని రాశాననుకోండి. విన్నపమా, మన సొంతమైనవా? అక్షరాలు అవేగా!"

ఆయనకు నవ్వాగలేదు. "మీతో వేగలేనమ్మా. కానివ్వండి."

అయిదుకు పది నిమిషాలుందనగా బుల్లిదానికి సొంత పేరు వచ్చింది. చిన్నక్క సంతోషంతో ఉక్కిరిబిక్కిరైంది. చెప్పుకోడానికి గదిలో మనిషేది? పెద్దక్కకు ఫోన్ చేసింది.

"ఒసే, నాకిప్పుడే మెయిలొచ్చిందే! కొత్త జన్యువును నేనే తేల్చానట, అభినందనలట!" పెద్దక్క పడీపడీ నవ్వింది. "రిటైరయ్యాక నా పనితనం పెరిగినట్టుంది."

చిన్నక్కా నవ్వబోయింది. తెర మీద పెద్దక్క పేరు కనబడి ఆగిపోయింది.

"ఆరేళ్లలో నా పేరు ఎక్కడా లేదక్కా."

"ఎవరి పేరైతేనేమే, పిచ్చిదానా? అవన్నీ మనవి."

పెద్దక్క ప్రేమగానే అంది. అందుకే మరీ బాధేసింది. ఫోన్ పెట్టేసి చిన్నక్క తెల్లకాగితం తీసింది. సొంత లాగిన్ ఇప్పించమని పై అధికారికి రాయాలి. పైన 'మనవి' అని రాసి కింద గీత గీసింది. ఈసారి ఆ మాటకు అర్థం ఒక్కటే.