అయిదు డబ్బాలు

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం నా చేతులంటే. అవి ముద్ద కలిపి పెడితే నా మూడేళ్ల కూతురు మన్విత చచ్చిపోతుందేమోనని భయం. ఈ మాట రాయడానికే చెయ్యి ఆగిపోతోంది. కానీ ఆరు నెలలుగా పొద్దున లేచింది మొదలు నా తలలో తిరిగింది ఇదొక్కటే. రోజుకు ఎన్నిసార్లు సబ్బు పెట్టి కడిగానో నాకే తెలియదు. వేళ్ల సందుల్లో చర్మం పగిలి, పచ్చిమిరపకాయలు తరుగుతుంటే కళ్లలో నీళ్లు తిరిగేవి. ఏడుస్తున్నాననుకుని మా అత్త ఐలవ్వ, "ఇప్పుడేమైందని కండ్లల్ల నీళ్లు పెట్టుకుంటున్నవే, పొయ్యి మీద పప్పు మాడుతున్నది సూడు" అనేది.

ఎండాకాలంలో ఒక మెడికల్ కాలేజీ వాళ్లు గోదావరిఖనిలో మా క్వార్టర్ల వైపు వచ్చారు. ఏ జబ్బూ లేని మనుషుల కడుపులో ఎలాంటి క్రిములుంటాయో, వాటిలో ఏవి మందులకు చావవో పరీక్ష చేస్తారట. మా వాడ ఆశా వర్కర్ రాజకుమారి మూతలున్న చిన్న డబ్బాలు పంచింది. మర్నాడు పొద్దున మలం అందులో పెట్టి ఇవ్వాలి. "మొన్నటిదాంక ఓట్లడిగిండ్రు, ఇగ గిదడుగుతున్నరా?" అని అత్త నవ్వింది. అప్పుడు మా ఆడబిడ్డ రమ కూడా ఇక్కడే ఉంది. రెండో నెల, వేవిళ్లు పడలేక శ్రీరాంపూర్ నుంచి పుట్టింటికి వచ్చింది. ఇంటర్ బైపీసీ మొదటేడు సగంలో పెళ్లి చేసి చదువు మానిపించినా నాకు చేతిరాత మిగిలింది కాబట్టి, అయిదు డబ్బాల మీదా పేర్లు నేనే రాశాను. పాప డబ్బా నేనే నింపాను. తర్వాత బాత్రూం కడిగిందీ నేనే. కాగితం మీద సంతకం మాత్రం మా ఆయన భూపాల్ చేశాడు. అందరి పేర్ల పక్కనా తన ఫోన్ నంబరే ఇచ్చాడు.

మూడు వారాల తర్వాత భూపాల్ బొగ్గు బాయి నుంచి డ్యూటీ దిగి వచ్చి, బూట్లు విప్పుతూ నా పేరు పెట్టి వాళ్లమ్మతో చెప్పాడు. "రిపోర్టు వచ్చింది. సంతోషి కడుపుల గోళీలకు సావని పురుగున్నదట. మాకు నలుగురికీ ఏం లేదు."

అప్పుడు నేను పాపకు అన్నం పెడుతున్నాను. అత్త వచ్చి నా చేతిలోంచి పళ్లెం తీసుకుంది, అంతే. ఆ రోజు నుంచి నాకు వేరే పళ్లెం, వేరే గ్లాసు, వేరే పక్క. పాప పడక నాయనమ్మ దగ్గరికి మారింది. వంట సంగతేమిటని అత్తే అడిగితే భూపాల్, "పొయ్యి మీద ఉడికితె ఏ పురుగైన సస్తది. వంట ఆమెనే చెయ్యనీ" అన్నాడు. అంటే అన్నం వండేది నేనే. అంట్లు తోమేదీ, బొగ్గు మసి పట్టిన ఆయన బట్టలు బండకేసి బాదేదీ, దొడ్డి కడిగేదీ నేనే. పని మొత్తం నా దగ్గరే ఉంచి, ముద్ద ఒక్కటి తీసుకున్నారు. శ్రీరాంపూర్ తిరిగి వెళ్లిన రమ ఒకరోజు ఫోన్‌లో వాళ్లమ్మతో అంది. "అమ్మా, నా కాన్పుకు నువ్వొక్కదానివే రా. వదినె వద్దు. తెలిసి తెలిసి పసిగుడ్డును ఆమె చేతుల పెడ్తమా?" స్పీకర్ పెట్టి ఉంది. పక్కన కూర్చుని నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాను. ఒక్క కాయ కూడా వదలకుండా తీశాను. ఒకరోజు పాప నా కొంగు పట్టుకుని, "అమ్మా, నీ చెయ్యి ఛీ నా?" అని అడిగింది. అవునని చెప్పాను. నా నోటితో నేనే చెప్పాను.

ఎందుకంటే నేను నమ్మాను. మా ఇంట్లో మిగిలిపోయిన గోళీలు దాచే స్టీలు డబ్బా ఒకటుంది. పాప పుట్టిన అయిదో రోజు నాకు జ్వరమొస్తే అత్త అందులోంచి తీసి, "ఇయ్యి రెండేస్కోని లేచి తిరుగు. పండుకుంటె ఇల్లెట్ల నడుస్తది?" అంది. జ్వరం తగ్గగానే మిగతా సగం షీటు మళ్లీ డబ్బాలోకి పోయింది. భూపాల్‌కు జలుబు చేసినా, పాపకు విరేచనాలైనా అదే డబ్బా. అయినా ఆ ఆరు నెలలూ నేను మింగినవి మాత్రమే లెక్కపెట్టుకున్నాను. ఏ గోళీతో నా కడుపు ఇలా అయిందో, వద్దని ఎందుకు అనలేకపోయానో అని.

పోయిన గురువారం రాజకుమారి రెండో విడత డబ్బాలు తీసుకుని వచ్చింది. అత్త ఇంట్లో లేదు. మంచినీళ్లు అడిగితే, "నా చేతి నీళ్లు తాగుతవా అక్కా?" అన్నాను.

"గదేం మాటే?"

చెప్పాను. విని, సంచిలోంచి రిజిస్టర్ తీసింది. "ఎవరు జెప్పిండ్రే నీకొక్కదానికే అని? మీ ఇంటియి అయిదు డబ్బాలు, అయిదిట్ల వచ్చింది. నేనే రాసుకున్న. పక్కింటి ఆబిదా వాళ్లింట్ల గూడ ఉన్నది. నా కడుపుల ఉండదని ఏమన్న రాసున్నదా? ఉన్నంత మాత్రాన రోగం గాదు పిల్లా. దానికి మందు గూడ అవసరం లేదు. కాకపోతె మూత్రంల ఇన్ఫెక్షనో, ఆపరేషనో, కాన్పో అయితె డాక్టర్‌కు ముందే చెప్పాలె. చెప్పకపోతె పనిచెయ్యని మందు మీదనే రెండు మూడు దినాలు పోతయి. గదీ ఫికరు. సబ్బుతోని చేతులు కడుక్కోని బిడ్డకు కడుపునిండ పెట్టు. మీ అత్త పెడ్తలేదా? ఆమె సబ్బు ముట్టంగ నేనెన్నడు సూడలె."

నీళ్లు గటగటా తాగేసి, గ్లాసు నా చేతికే ఇచ్చింది.

మధ్యాహ్నం భూపాల్ వచ్చాక అడిగాను. "అయిదుగురికీ ఉన్నదట గదా బావా."

ఆయన ఉలిక్కిపడలేదు. టిఫిన్ డబ్బా గట్టు మీద పెట్టాడు. "బాయిల అందరం ఒక్క కాడ కూసోని తింటం. నాకున్నదంటె నా పక్కన ఎవడు కూసుంటడు? అమ్మకు చెప్తె బెంగ పెట్టుకుంటది. రమ కడుపుతోని ఉండె. నువ్వయితె ఇంట్లనే ఉంటవు. నీకేం పోతది?"

"పాపకు గూడ ఉన్నదని తెలిసి, నా చేతి ముద్ద ఎందుకు బందు చేసినవు?"

"అమ్మ పెడ్తనే ఉన్నది గదా. పోరిని ఉపాసముంచినమా?"

కోపంలోనో భయంలోనో నోరు జారి ఉంటే నాకు ఇంత నొప్పి ఉండేది కాదేమో. ఆయన ఆలోచించి చేశాడు. అందరినీ ఒక్కొక్కరినే తలుచుకున్నాడు. ఎవరు తట్టుకోలేరో, ఎవరికి ఏం నష్టమో చూసుకున్నాడు. అందరికీ ఒక్కో కారణం దొరికింది. నా దగ్గరికి వచ్చేసరికి పోయేదేమీ కనపడలేదు. ఆరు నెలలు నా బిడ్డ నన్ను చూసి చెయ్యి వెనక్కి తీసుకుంటుంటే, పక్కనే కూర్చుని అన్నం తిన్నాడు. నేను వండిన అన్నం.

సాయంత్రం చేతులు కడుక్కున్నాను, ఒక్కసారే. పప్పన్నంలో నెయ్యి కలిపి, ముందు గదిలో అందరి ఎదుటా పాపను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. అత్త పళ్లెం లాక్కోవడానికి వంగింది. "నీకు గూడ ఉన్నదత్తమ్మా. కావాల్నంటె నీ కొడుకునడుగు" అన్నాను. ఆమె కొడుకు వైపు చూసింది. కొడుకు ఫోన్ వైపు చూశాడు. పాప మొదటి ముద్దకు నా మొహంలోకి చూసి, రెండో ముద్దకు నోరు తెరిచింది.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ అయిదో డబ్బా రమది. ఆమెకు ఇప్పుడు ఎనిమిదో నెల. మూత్రంలో మంటగా ఉందంటే పోయిన వారమే అత్త ఆ స్టీలు డబ్బాలోంచి ఒక షీటు పంపింది, ఆ గోళీలు ఆమె కడుపులోని పురుగు మీద పనిచెయ్యవేమో. తనకేమీ లేదని అన్న చెప్పిన మాటే నమ్ముకుని ఉంది రమ. ఆమెకు ఎప్పుడు చెప్తావని అడిగితే భూపాల్, "కాన్పయినంక సూద్దాం, ఇప్పుడు బెదిరించుడెందుకు" అన్నాడు. రాజకుమారి దగ్గర ఉన్నదీ ఆయన నంబరే. పైవాళ్లకు చెప్తానంది, ఎప్పటికవుతుందో. నేను ఫోన్ చేస్తే రమ భర్త ఉపేందర్ ఎత్తాడు. "నీ రోగం నువ్వు సూసుకో అక్కా, మా ఇంట్ల పెట్టకు" అని కట్ చేశాడు. రేపు పొద్దున పాపను ఎత్తుకుని శ్రీరాంపూర్ వెళ్లడానికి మంచిర్యాల బస్సెక్కుతాను. కానీ వాళ్లు తలుపు తీస్తారన్న నమ్మకం లేదు. ఆరు నెలలుగా రోగం నాదే అన్నారు. నీకూ ఉందని నేనే చెబితే, ఓర్వలేక అంటున్నాననుకుంటారు. భూపాల్ నా మాటకు విలువ కూడా లేకుండా చేశాడు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. శ్రీరాంపూర్‌లో మీరుంటే, మీ వాళ్లెవరైనా ఉంటే, ఒకసారి రమను చూసి రండి. నీళ్ల ట్యాంకు దాటాక మూడో వరుస క్వార్టర్లు. ఆమెకూ ఆ పురుగు ఉందని వాకిట్లో నిలబడి అనకండి, నాకు జరిగింది ఆమెకు జరగకూడదు. లోపలికి వెళ్లి, ఆమె పక్కన కూర్చుని, మెల్లగా అడగండి. మంట తగ్గిందా, చలిజ్వరం వస్తోందా, డాక్టర్‌కు చూపించుకున్నావా అని. నా పేరు మాత్రం చెప్పకండి.